పని చేసే అంచు

కొరియర్ ఆఫీసులో కుర్రాడు పెట్టె బరువు తూచి, కంప్యూటర్ వైపు తిరిగి, "లోపలేముంది సార్? ఒక్క ముక్కలో చెప్పండి" అన్నాడు.

ముప్పై ఏళ్లకు పైగా కస్టమ్స్ బ్రోకర్ల ఆఫీసుల్లో పనిచేసినవాణ్ణి. ఓడ దిగిన సరుకు ఏమిటో తేల్చి, బిల్ ఆఫ్ ఎంట్రీలో దాని పేరు పక్కన ఒక అంకె వెయ్యడమే నా బతుకుతెరువు. అయినా ఆ పూట జవాబు రాలేదు. పెట్టెలో ఉన్నవి మా నాన్న పనిముట్లు. ఆయన వడ్రంగి. పోయి పదకొండేళ్లయింది. అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి ఈమధ్య సెలవు రోజుల్లో చెక్కపని నేర్చుకుంటోంది. "తాతయ్య సామాన్లు పంపించు నాన్నా, అటక మీద దాచి ఏం చేస్తావు" అని ఫోన్లో అడిగింది. పనిలో ఉన్న ఉలికి తుప్పు పట్టదని ఆయనే అనేవాడు కదా అని ఒప్పుకున్నాను.

"హ్యాండ్ టూల్స్ అని కొట్టెయ్యనా సార్?" అన్నాడు కుర్రాడు. తప్పేం కాదు. కానీ ఆ రెండు మాటల కింద ఎన్ని పేర్లు మునిగిపోతాయో నాకు తెలుసు. "రేపు పొద్దున జాబితా రాసుకొస్తాను బాబూ" అని పెట్టె వెనక్కి తెచ్చేసుకున్నాను.

ఆ సాయంత్రం వరండాలో పాత దుప్పటి పరిచి ఒక్కోటీ తీసి పెట్టాను. ఆయుధపూజ నాడు పసుపు కుంకుమ పెట్టడానికి నాన్న ఇలాగే పరిచేవాడు. ఆయన వరుస వేరు. ముందు కొలిచేవి, తర్వాత కోసేవి, ఆ తర్వాత చెక్కేవి, నునుపు చేసేవి, చివర బిగించేవి. దుంగగా వచ్చిన చెక్క తలుపై వెళ్లేదాకా పని ఎలా నడుస్తుందో ఆ వరుస. నా చేతులు మాత్రం వాటంతట అవే సుంకాల పుస్తకం వరుసలో పేర్చుకుపోయాయి.

ఆ పుస్తకం సంగతి కాస్త చెప్పాలి. 1983లో బ్రస్సెల్స్‌లో ఒక ఒప్పందం కుదిరింది. 1988 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. హార్మొనైజ్డ్ సిస్టమ్ అంటారు. దేశాల మధ్య కదిలే సరుకంతటినీ, బతికున్న గుర్రం మొదలుకొని వందేళ్లు దాటిన పురాతన వస్తువు దాకా, 97 అధ్యాయాల్లో సర్దారు. అందులో 77వ అధ్యాయం ముందుముందు అవసరానికని ఖాళీగా వదిలారు. 200కు పైగా దేశాల్లో, ఆర్థిక ప్రాంతాల్లో రేవుల దగ్గర ఇదే నడుస్తోంది. మొదటి 6 అంకెలు అందరికీ ఒకటే. ఆపైన ఎవరి అవసరం వాళ్లది: మనం 8 అంకెలు రాస్తాం, అమెరికా వాళ్లు 10 రాస్తారు. షాంఘైలో సరుకెక్కించే గుమాస్తాకు తెలుగు రాదు, నాకు చైనా భాష రాదు. 8205.20 అని రాస్తే ఇద్దరి కళ్లకూ సుత్తే కనిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సంగతి తలుచుకుంటే ఒళ్లు జలదరించేది. ఇప్పటికీ అంతే.

అందులో 82వ అధ్యాయం పనిముట్లది. ఊరి మధ్య నుంచి ఒక మనిషి నడుచుకుంటూ వెళ్లి, ఇంటింటి ముందూ ఆగి రాసుకున్నట్టు ఉంటుంది నాకు. 8201లో రైతు ఉంటాడు, తన పార, పలుగు, కొడవలి, గొడ్డలితో. 8202 రంపాలది. 8203లో ఆకురాయి, పట్టకారు, కటింగ్ ప్లేయరు. 8204లో మెకానిక్కు వాడే పానాలు. 8205లో సుత్తి, ఉలి, చిత్రిక, స్క్రూడ్రైవర్, తిప్పుడు బరమా, పక్కనే కమ్మరి దాగలి, ఎక్కడికైనా మోసుకుపోగలిగిన కొలిమి. కొంచెం ముందుకెళితే 8212లో మంగలి కత్తి, 8213లో దర్జీ కత్తెర. కాలిలో ముల్లు తీసే శ్రావణానికి చోటెక్కడని వెతికితే, ఎర్రగా కాలిన ఇనుమును పట్టే పట్టకారు పక్కనే 8203లో దొరుకుతుంది. ఒకటి అరచేతిలో ఇమిడేది, ఇంకోటి మూరెడు. రెండూ చేసే పని ఒకటే కాబట్టి ఒక గూటికి చేరాయి.

ఈ అధ్యాయానికి ముందు ఒక చిన్న నోటు ఉంది. నాకు చట్టం మీద గౌరవం పుట్టించింది ఆ నోటే. వస్తువుకు కోసే అంచో, పనిచేసే తలమో, పనిచేసే మరో భాగమో ఏదుందో అది ఇనుము, రాగి లాంటి సాధారణ లోహంతోనో, లోహపు కార్బైడుతోనో, లోహపు ఆధారం మీద బిగించిన రత్నంతోనో చేసినదైతేనే ఈ అధ్యాయంలోకి రానిస్తామని దాని సారాంశం. గాజు కోసే వజ్రపు కలం అందుకే నగల అధ్యాయానికి పోకుండా 8205లో సుత్తి పక్కన కూర్చుంది. ఎవరు చేశారు, ఎంతకు కొన్నారు, ఎంత నునుపుగా ఉంది అని కాదు, పనికి తగిలే చోటు ఏది, అది దేనితో చేసింది అని అడుగుతుంది ఆ నోటు.

దుప్పటి మీద నాన్న చిత్రిక తీసుకుని చూశాను. ఒళ్లంతా చెక్కే, మధ్యలో పట్టెడు ఉక్కు బ్లేడు. బరువు చూసినా, పరిమాణం చూసినా చెక్కే ఎక్కువ. కానీ చెక్కను చెక్కేది ఆ బ్లేడు. కాబట్టి ఇది 82వ అధ్యాయం. బ్లేడు ఊడదీసి ఆ చెక్క ఒంటిని మాత్రమే పంపితే 4417లోకి, అంటే చెక్కతో చేసిన పనిముట్లూ వాటి ఒళ్లూ పిడులూ ఉండే చోటికి పోతుంది. బ్లేడును ఒక్కదాన్నే పంపితే, చిత్రిక భాగం కాబట్టి, చిత్రికతో పాటే ఉంటుంది. నాన్న రోజూ సాయంత్రం బ్లేడు తీసి సాన పట్టి మళ్లీ బిగించేవాడు. ఆ పది నిమిషాలూ ఆ వస్తువు ఒక అధ్యాయం వదిలి ఇంకో అధ్యాయంలో ఉండి వచ్చేదన్నమాట.

ఆ సానరాయి కూడా పెట్టెలో ఉంది, నడుము అరిగి నావలా అయింది. దాని చోటు 68వ అధ్యాయం, రాతి వస్తువుల్లో. ఆకురాయి పేరులో రాయి ఉంది గానీ అది గాట్లు పెట్టిన ఉక్కు కాబట్టి 8203. తెలుగు పేరు చూసి అంకె వేస్తే రెంటినీ ఒకచోటే పెట్టేవాణ్ణి. ఉలి మీద కొట్టే కొడతి మొత్తం చెక్కే, పనిచేసే ముఖం కూడా చెక్కే, అది 4417కు పోయింది. టేపు 9017. చెవి మీద పెట్టుకునే చప్పిడి పెన్సిలు 9609. అడుగున మిగిలిన మేకులు 7317. బాడిస దగ్గర మాత్రం కాసేపు ఆగాను. బాడిస అంటే మాకు వడ్రంగి చేతికి ఆరో వేలు లాంటిది. కానీ సుంకాల పుస్తకం దాన్ని గొడ్డలి జాతిగా చూసి 8201లో, రైతు దగ్గర పెట్టింది. మొదట్లో ఒప్పుకోబుద్ధి కాలేదు. తర్వాత ఆలోచిస్తే, ఊళ్లో నాగళ్లు చేసిందీ బాగుచేసిందీ ఆ బాడిసే. కూలి డబ్బు కాకుండా పంట నూర్చినప్పుడు నాన్నకు ధాన్యం కొలిచేవాళ్లు. బాడిసను రైతు పక్కన కూర్చోబెట్టడంలో అన్యాయం ఏమీ కనిపించలేదు.

వస్తువును ఇలా చూడటం నాకు పుట్టుకతో రాలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, కడియం వైపు నర్సరీలకు సామాను సరఫరా చేసే వ్యాపారి ఒకాయన కొమ్మలు కత్తిరించే సరుకు తెప్పించాడు. ఇన్వాయిస్‌లో 'గార్డెన్ సిజర్స్' అని ఉంది. సిజర్స్ అంటే కత్తెర, కత్తెరకు 8213. రాసేశాను. షెడ్డులో పరీక్షకు వచ్చిన కస్టమ్స్ అప్రైజర్ గారు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. పెట్టెలోంచి ఒకటి తీసి నా చేతికిచ్చి, "జేబులో కాగితం ఉందిగా, కత్తిరించు" అన్నారు. కాగితం మడతపడి నలిగింది గానీ తెగలేదు. గోడవతల వేపచెట్టు దగ్గరికి తీసుకెళ్లి బొటనవేలంత కొమ్మ చూపించి, "ఇప్పుడు" అన్నారు. ఒక్క నొక్కుకు టక్కున తెగింది. "కత్తెరకు రెండు రెక్కలూ కోస్తాయి. ఇందులో ఒకటే కోస్తుంది, రెండోది కొమ్మను ఆనించి పడుతుంది. నువ్వు కాగితం మీద పేరు చూశావు గానీ వస్తువును చూళ్లేదు బాబూ" అన్నారు. దాని చోటు 8201.50. ఒక చేత్తో వాడే కొమ్మ కత్తెరలు అక్కడ, రెండు చేతులూ కావలసినవి 8201.60లో. అంటే ఈ పుస్తకం మనిషి చేతులు కూడా లెక్కపెడుతుంది.

కాగితాలు సరిదిద్దుకుని సరుకు బయటికి వచ్చేసరికి మూడు రోజులు పట్టింది. సరుకు ఆగినందుకు ఆ మూడు రోజుల డెమరేజ్ ఆ వ్యాపారే కట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో.

అప్పటినుంచి ఇన్వాయిస్ చదివి ఊరుకోలేదు. ఫొటో అడిగేవాణ్ణి, క్యాటలాగ్ అడిగేవాణ్ణి, వీలైతే నమూనా తెప్పించుకుని పనిచేయించి చూసేవాణ్ణి. 2011లో మన దేశంలో దిగుమతిదారుడే తన సరుకును తాను వర్గీకరించుకుని డ్యూటీ లెక్కగట్టుకోవాలన్న పద్ధతి వచ్చాక ఈ అలవాటు మరీ అవసరమైంది. అంతకు ముందు అధికారి కళ్లు తేల్చేవి. ఇప్పుడు మొదటి మాట గుమాస్తాదే. చాలా శీర్షికల చివర 'అదర్స్', అంటే ఇతరాలు అని ఒక వరుస ఉంటుంది. తొందరలో ఉన్నవాడికి అది చెట్టునీడలా కనిపిస్తుంది. నిజంగా ఎక్కడా ఇమడని వస్తువులు లోకంలో ఉన్నాయి, వాటికి ఆ వరుస కావాలి కూడా. కానీ మా ఆఫీసుల్లో 'అదర్స్'లోకి పోయిన సరుకులో చాలా భాగం, ఎవరూ చేతిలోకి తీసుకుని చూడనిది.

ఇనుప పట్టీ ఒకటి తీసుకోండి. జానెడు పిడి, మూరెడు పదును. కొబ్బరి మట్టలు కొట్టే మచ్చుకత్తి అయితే 8201. వంటింటి కత్తి అయితే 8211. యుద్ధానికో ఊరేగింపుకో చేసిన ఖడ్గం అయితే 93వ అధ్యాయంలోకి, తుపాకులున్న చోటికి, 9307కు పోతుంది. ఇంకా చిన్నదై ఆపరేషన్ థియేటర్లో డాక్టర్ చేతికి అందేది అయితే 9018. కమ్మరి కొలిమిలో నాలుగూ ఒకే ఇనుము. ఏం కోయడానికి పుట్టింది అన్న ప్రశ్న దగ్గర దారులు విడిపోతాయి. ఈ నాలుగు దారుల కూడలిలో నిలబడి, ఫొటో చూస్తూ, ఇది ఏ చేతి కోసం చేసిందో తేల్చాల్సి వచ్చినప్పుడు కొన్ని రాత్రులు నిద్ర పట్టేది కాదు. తప్పు రాస్తే పన్నుతో పోదు, రైతు మచ్చుకత్తిని ఆయుధం అన్నవాణ్ణవుతాను.

కోర్టులు కూడా ఇలాంటి కూడళ్లలో నిలబడ్డాయి. అమెరికా 1883 సుంకాల చట్టం కూరగాయల మీద పన్ను వేసి, పండ్లను వదిలేసింది. టమాటాలు దిగుమతి చేసుకున్న వ్యాపారులు, వృక్షశాస్త్రం ప్రకారం ఇది పండు అన్నారు. 1893లో అక్కడి సుప్రీంకోర్టు, జనం దీన్ని భోజనంలో కూరగా తింటారు గానీ పండులా తినరు కాబట్టి కూరగాయే అంది. మన సుప్రీంకోర్టు 1961లో తమలపాకు గురించి అదే దారిలో నడిచింది. అమ్మకం పన్ను చట్టంలో కూరగాయలకు మినహాయింపు ఉంది, తమలపాకూ ఆకే కదా అని వ్యాపారి వాదన. బజారుకు కూరలు తెమ్మని పంపితే తమలపాకులు తెచ్చేవాడు ఉండడు. కోర్టు తేల్చింది కూడా అదే, జనం నోటి మాటను బట్టి తమలపాకు కూరగాయ కాదని. వాడేవాళ్లు ఆ వస్తువును ఏమనుకుంటున్నారో అడగమని చెప్పే తీర్పులు ఇవి. గార్డెన్ సిజర్స్ కథలో పేరు మోసం చేసింది, తమలపాకు కథలో పేరే దారి చూపింది. రెండింట్లోనూ తేల్చింది వాడుకే.

సరుకును విడదీసి సుంకం కట్టే ఈ పని మనకు కొత్తదేమీ కాదు. చీరాల దగ్గర్లోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయశాసనం ఉంది. అంతకు ముందు రాజులు, తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారు. గణపతిదేవుడు ఇక అలా చేయబోమని మాటిచ్చాడు. ప్రాణానికి తెగించి సముద్రం దాటి వచ్చేవాళ్ల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోమన్నాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పయ్యో వంతు. గంధానికి ఇంత, కర్పూరానికి ఇంత, రాగి, సీసం, పట్టునూలు, మిరియాలు, పోకలు, ఒక్కోదానికీ లెక్క రాతి మీద చెక్కించాడు. సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు అని సామెత పుట్టిన నేల ఇది. సుంకరి దయ ఎలా ఉంటుందోనని భయపడే వర్తకుడికి ఆ పట్టికే ధైర్యం. దేనికెంతో ముందే తెలిస్తే ఎవరి మొహం చూసీ ఎవరూ ఇష్టమొచ్చినంత అడగలేరు. సరుకుల పేర్లు విడివిడిగా రాయడం పాలకుడు తన చేతిని తాను కట్టేసుకోవడం కూడానని నాకు మోటుపల్లి చెప్పింది. ఆ రాతి ముందు నిలబడ్డ రోజున, నా బిల్ ఆఫ్ ఎంట్రీ దానికి మనవరాలి వరస అనిపించింది.

చేతి పనిముట్ల దగ్గర ఈ విడివిడి లెక్క బీదవాడి దాకా వస్తుంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు 8201లోని పార, కొడవలి, గొడ్డలిని పన్ను లేని జాబితాలో పెట్టారు. దిగుమతైన పారకైనా అంతే. కానీ ఆ వరుసలోనే గమేళా తప్ప అని మినహాయించారు. పారతో ఎత్తిన మట్టిని మోసేది గమేళానే. పార పట్టేవాడికీ, గమేళా మోసే ఆడమనిషికీ మధ్య ఆ ఒక్క మాట గీత గీసింది. గడ్డపార ఇంకో చిక్కు. పేరులో పార ఉంది, మొక్కకు గుంత తీసేదీ అదే. కానీ ఇన్వాయిస్‌లో క్రోబార్ అని రాసొస్తే చూపు 8205 వైపు పోతుంది, పన్ను లేని చోటు నుంచి పన్ను ఉన్న చోటికి. వర్గీకరణ న్యాయంగా ఉండాలంటే, రాసేవాడు ఒక్కసారైనా గుంత తీసిన మనిషి పక్కన కూర్చోవాలని నా పట్టుదల.

కరెంటు పనిముట్ల విషయంలో పుస్తకం తన తప్పును తానే దిద్దుకుంది. 2002 దాకా చేత్తో పట్టుకునే కరెంటు డ్రిల్లు 85వ అధ్యాయంలో కరెంటు సామాన్ల మధ్య ఉండేది, గాలితో తిరిగే డ్రిల్లు 84లో ఉండేది. 2002 సవరణలో కరెంటు డ్రిల్లును కూడా గాలి డ్రిల్లు ఉన్న 8467లోకి చేర్చారు. ఏ శక్తితో తిరిగినా మనిషి చేతిలో ఉండి పనిచేసేదే కదా. ఆ ఏడు కొత్త పుస్తకం రాగానే నేను మొదట తిప్పిన పేజీ అదే.

చీకటి పడుతుంటే లైటు వేసుకుని రాయడం మొదలుపెట్టాను. దుకాణంలో డబ్బాగా అమ్మే పనిముట్ల సెట్టు అయితే 8206 అని ఒక్క అంకెతో పోతుంది. అందులో ఓ చిన్న టేపు ఉన్నా ఫరవాలేదు. అమెరికా టారిఫ్‌లో అలాంటి సెట్టుకు, లోపలున్న వాటిలో దేనికి ఎక్కువ సుంకం ఉందో ఆ రేటే మొత్తానికీ వేస్తారు. నాన్న పెట్టె చిల్లర అమ్మకానికి సర్దిన సెట్టు కాదు. నలభై ఏళ్లలో ఒక్కోటీ ఒక్కో పని కోసం చేరినవి. విడివిడిగానే రాయాలి. రంపం, 8202. పెద్ద ఉలి, చిన్న ఉలి, గోరు ఉలి, 8205.30. అంచు ఉక్కు అని రాస్తూ, పిడి మీద బొటనవేలు ఆనే చోట పడ్డ గుంట చూశాను. చట్టం అంచునే చూస్తుంది, చూడాలి కూడా. మా అమ్మాయి వేలు వెతుక్కునేది మాత్రం ఈ గుంటనే. దానికి జాబితాలో గడి లేదు.

పదకొండో వస్తువు కత్తిపీట. పీట నాన్న చేశాడు, బ్లేడు ఊరి కమ్మరి చేశాడు, కొసన కొబ్బరి కోరు. వాడింది అమ్మ. 8210 అందామంటే అది మరలున్న వంటింటి సామానుకు, తిప్పే చేతిపిడో పళ్లచక్రమో ఉండాలి, ఇందులో కదిలేదేమీ లేదు. ఇంటి పనిముట్టు అని 8205.51 అందామా, కత్తి అని 8211 అందామా? రెండు పనులు చేసే వస్తువుకు అసలు లక్షణం ఏదో చూడమంటుంది ఆ పుస్తకంలోని వర్గీకరణ నియమాల్లో మూడోది. కళ్లు మూసుకుని అమ్మను తలుచుకున్నాను. కుడికాలు మడిచి పీట మీద అదిమి, వంకాయను రెండు చేతులతో బ్లేడు మీదికి తోస్తోంది. కొబ్బరి పండగ నాడే. కాబట్టి కత్తే. అన్ని కత్తులూ కాయ మీదికి వెళతాయి, ఇక్కడ కాయే కత్తి దగ్గరికి వస్తుంది. అయినా కోసే అంచు అదే కదా. 8211 అని వేశాను.

పొద్దున్నే కొరియర్ ఆఫీసు తెరవగానే వెళ్లాను. కుర్రాడు నా కాగితం చూసి నిట్టూర్చలేదు. ఒక్కో వరుసా చదువుతూ, ఓపిగ్గా కొడుతూ వచ్చాడు. పదకొండో వరుస దగ్గర వేలు ఆగింది.

"మా నాయనమ్మకు ఉండేది సార్ ఇది. ఇంగ్లీషులో ఏమంటారు?"

"కత్తిపీట అనే రాయి బాబూ. పక్కన, చెక్క పీటకు బిగించిన ఉక్కు బ్లేడు, కూరగాయలు కోయడానికి, అని రాయి."

"స్పెల్లింగ్ చెప్పండి సార్."

కే, ఏ, డబుల్ టీ, ఐ అని మొదలుపెట్టాను.